ముసురు పడితే చెడిపోయే టోన్: ఇంట్లో కట్టిన ఒక వాల్వ్ ప్రీయాంప్ కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఫ్లాట్‌లో ఉంటూ, ఉద్యోగం అయ్యాక గిటార్ వాయించుకునే ఒకాయన సొంతంగా కట్టుకున్న ప్రీయాంప్ (గిటార్ సిగ్నల్‌ని పవర్ యాంప్‌కి ముందు పెంచి, టోన్ దిద్దే పెట్టె) ఇది. ఆయన వివరాలు వదిలేస్తున్నాం. సర్క్యూట్ మాత్రం ఉన్నదున్నట్టు ఇస్తున్నాం. ఇంట్లో కట్టే హై గెయిన్ ప్రీయాంప్‌లలో తరచూ కనిపించే ఇబ్బందులు మూడు ఇందులో ఒకేచోట కలిశాయి, ఒకదాన్ని ఇంకొకటి దాచిపెట్టింది.

రెండు 12ఏఎక్స్7 వాల్వులు (వాక్యూమ్ ట్యూబులు), అంటే నాలుగు ట్రయోడ్లు. ఒక్కో ట్రయోడ్‌కి ప్లేట్, గ్రిడ్, కాథోడ్ అని మూడు కొసలు; సిగ్నల్ మామూలుగా గ్రిడ్‌లోకి వెళ్ళి, పెద్దదై ప్లేట్ నుంచి వస్తుంది. అలాంటి ఒక్కో మెట్టునే స్టేజి అంటున్నాం. మొదటి స్టేజి వెనక 1 మెగాఓమ్ గెయిన్ కంట్రోల్, ఆ తర్వాత రెండో స్టేజి, అక్కణ్ణుంచి నేరుగా మూడో స్టేజి. మూడో స్టేజి ప్లేట్ నుంచి ఫెండర్ యాంప్‌ల తరహా టోన్ స్టాక్ (బాస్, ట్రెబుల్ నాబ్‌ల సర్క్యూట్): 250 పికోఫారడ్, 100 కిలోఓమ్ స్లోప్ రెసిస్టర్, 0.1, 0.047 మైక్రోఫారడ్. తర్వాత మాస్టర్ వాల్యూమ్, చివర కాథోడ్ ఫాలోయర్ (గెయిన్ ఇవ్వకుండా తర్వాతి భారాన్ని మోసే స్టేజి). అక్కణ్ణుంచి విడిగా ఉన్న ట్రాన్సిస్టర్ పవర్ యాంప్‌కి, 12 అంగుళాల స్పీకర్‌కి వెళ్తుంది.

మొదటి మూడు స్టేజిలకీ ఒకే విలువలు: ప్లేట్‌కి 100 కిలోఓమ్, కాథోడ్‌కి 1.5 కిలోఓమ్, దాని మీద 22 మైక్రోఫారడ్, స్టేజికీ స్టేజికీ మధ్య 0.1 మైక్రోఫారడ్. క్లీన్ యాంప్ డ్రాయింగ్ ఒకటి తీసుకుని, గెయిన్ చాలదని మధ్యలో ఇంకో స్టేజి అతికించారన్నమాట. బాస్‌ని ఎక్కడా కత్తిరించలేదు. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

ఫిర్యాదు

ఆయన చెప్పినవి మూడు. గెయిన్ సగం తిప్పి లావు తీగ మీద పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగని ఆనించి) కొడితే భుర్రుమని పగిలిపోతోంది, ఒక్క క్షణం శబ్దమే పోయి మళ్ళీ వస్తోంది. దుప్పటి కప్పినట్టు ట్రెబుల్ లేదు, ట్రెబుల్ నాబ్ చివరిదాకా తిప్పినా పెద్ద తేడా లేదు. మూడోది, "ముసురు పట్టిన రోజున మరీ ఘోరమండీ, ఓ ఇరవై నిమిషాలు ఆన్‌లో ఉంచితే కొంచెం నయం అవుతుంది" అన్నారు.

ఆయన కూడా దాన్ని పెద్దగా పట్టించుకోకుండా చివర్లో చెప్పారు గానీ, ఈ మూడో మాటే అసలు ఆధారం. డిజైన్ లోపం వాతావరణాన్ని బట్టి మారదు. తేమతో మారేది ఏదైనా ఉందంటే అది లీకేజీయే (పారకూడని దారిలో కరెంటు పారడమే) అయి ఉంటుంది.

అప్పటికే చేసి చూసినవి

వాల్వులు మూడు రకాలు మార్చారు. తేడా లేదు. స్టేజిల మధ్య ఉన్న కప్లింగ్ కెపాసిటర్లు తీసేసి అదే విలువలో ఖరీదైన ఫిల్మ్ కెపాసిటర్లు తెప్పించి వేశారు. తేడా లేదు. 0.1 మైక్రోఫారడ్ ఏ కంపెనీదైనా 0.1 మైక్రోఫారడే, లీకు లేనంతవరకూ చెవికి అందే తేడా విలువలోనే ఉంటుంది.

తర్వాత టోన్ స్టాక్‌ని మార్షల్ యాంప్‌ల విలువలకి మార్చారు: 470 పికోఫారడ్, 33 కిలోఓమ్, 0.022 రెండు. మిడ్ పెరిగింది, భుర్రు ఇంకా బాగా వినబడింది. ఎందుకు పనిచేయలేదో గమనించాలి. ధ్వని పగులుతున్నది మూడో స్టేజి గ్రిడ్ దగ్గర, స్టాక్ ఉన్నది దాని తర్వాత. పగిలాక బాస్ తగ్గిస్తే పగిలిన ధ్వనే పల్చబడుతుంది తప్ప పగలడం ఆగదు. పైగా మార్షల్‌లో ఆ 33 కిలోఓమ్ స్టాక్‌ని నడిపేది కాథోడ్ ఫాలోయర్. సుమారు 38 కిలోఓమ్‌ల అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఉన్న 12ఏఎక్స్7 ప్లేట్‌కి తగిలిస్తే భారం ఎక్కువై లెవెల్ పడిపోతుంది.

గెయిన్ కంట్రోల్ మీద 470 పికోఫారడ్ బ్రైట్ కెపాసిటర్ (ట్రెబుల్‌ని కంట్రోల్ దాటించేది) కూడా పెట్టి చూశారు. గెయిన్ తక్కువలో చెవులు చిల్లులు పడేంత కీచు, ఎక్కువలో ఏ ఉపయోగమూ లేదు. ఆ కెపాసిటర్ కంట్రోల్ పై సగానికి సమాంతరంగా ఉంటుంది. నాబ్ పైకి వెళ్ళేకొద్దీ ఆ భాగం చిన్నదైపోతుంది కాబట్టి దాని ప్రభావమూ పోతుంది.

ముందు డీసీ

విడిభాగం ఏదీ ముట్టుకోక ముందు లోపం ఎక్కడుందో తేల్చాలి. ఫోన్‌లో పాట పెట్టి నేరుగా పవర్ యాంప్‌కి ఇస్తే బాస్, ట్రెబుల్ రెండూ శుభ్రంగా వచ్చాయి. కనుక వెనక భాగం బాగానే ఉంది.

హై వోల్టేజ్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ల మీద 300 వోల్టులు ఉన్నాయి. ప్లగ్ తీసినా అవి ఖాళీ కావు. 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌కి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు పెట్టి డిశ్చార్జి చేసి, మీటరుతో 10 వోల్టుల లోపు ఉందని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఆన్‌లో కొలిచేటప్పుడు నల్ల ప్రోబ్‌ని ఛాసిస్‌కి (లోహపు పెట్టెకి) క్లిప్ చేసి, ఒక్క చేత్తోనే కొలవాలి. పాత అపార్ట్‌మెంట్లలో మూడో పిన్ను ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొద్ది వోల్టులు మాత్రమే ఉండాలి.

హీటర్ (వాల్వుని వేడెక్కించే ఫిలమెంట్) 6.1 వోల్టులు, పర్వాలేదు. మూడు స్టేజిలకీ కలిపి 270 వోల్టుల సప్లై నోడ్. మొదటి స్టేజి ప్లేట్ 178, కాథోడ్ 1.38. రెండోది 180, 1.35. మూడోది 151, 1.78. విలువలన్నీ ఒకటే అయినా మూడో స్టేజి మాత్రం 1.19 మిల్లీయాంపులు లాగుతోంది, మిగతా రెండూ 0.9 దగ్గరే ఆగాయి. వాల్వులు అటూ ఇటూ మార్చినా ఆ తేడా సాకెట్‌నే అంటిపెట్టుకుంది. అంటే వాల్వు తప్పు కాదు.

మూడో గ్రిడ్ మీద సున్నా ఉండాలి, 0.82 వోల్టు ఉంది. గ్రిడ్ లీక్ (గ్రిడ్ నుంచి గ్రౌండ్‌కి వేసే రెసిస్టర్) 1 మెగాఓమ్, డిజిటల్ మీటరు ఇన్‌పుట్ 10 మెగాఓమ్, కనుక మీటరే కొంచెం కిందికి లాగుతుంది. అసలు విలువ 0.9. పాత ముల్లు మీటరుతో, వోల్టుకి 20 కిలోఓమ్‌లది 10 వోల్టుల రేంజిలో పెట్టి కొలిస్తే 0.15 చూపిస్తుంది, జనం పట్టించుకోకుండా ముందుకి వెళ్ళిపోతారు. ఇలాంటి చోట్ల మీటరు ఇన్‌పుట్ ఎంతో తెలియకుండా రీడింగ్‌ని నమ్మకూడదు.

0.9 వోల్టు ఎంత పని చేస్తుందో చూడండి. సరిగ్గా ఉన్న స్టేజిలో గ్రిడ్ కాథోడ్ కంటే 1.35 వోల్టులు కింద ఉంటుంది. సిగ్నల్ పైకి అంత దూరం వెళ్ళాక గ్రిడ్ కరెంటు మొదలవుతుంది. ఇక్కడ ఆ దూరం 0.88 కి కుదించుకుపోయింది. మూడో వంతు పోయింది. తేమ రోజున చిన్న దెబ్బకే భుర్రుమనడానికి కారణం ఇదే.

తేమ ఎక్కడుంది

గ్రిడ్ మీద డీసీ కనబడితే మొదటి అనుమానం కప్లింగ్ కెపాసిటర్ లీకు మీదికి పోతుంది, పోవాలి కూడా. సాధారణ కెపాసిటెన్స్ మీటరు ఈ లీకుని పట్టదు, అది కొలిచేది కొద్ది వోల్టుల దగ్గర. గ్రిడ్ వైపు కాలు విప్పి చూశాం. డీసీ అలాగే ఉంది. వాల్వు పీకేశాం, అంటే గ్రిడ్ కరెంటు వెనక్కి రావడం, గ్యాసీ (లోపలి వాక్యూమ్ పాడైన) వాల్వు వంటి అవకాశాలూ పోయాయి. అయినా డీసీ ఉంది. మిగిలింది సాకెట్, బోర్డు.

హెయిర్ డ్రయ్యర్‌తో బోర్డు ఆ మూల వెచ్చబెడితే కొన్ని నిమిషాల్లో రీడింగ్ 0.1 కిందికి దిగింది. సాకెట్‌ని వెచ్చబెడితే దిగలేదు.

బోర్డు నల్లటి ఫైబర్ షీటు. చూడ్డానికి బావుంటుంది, రంధ్రాలు పెట్టడం సులువు, ఐలెట్లు (వైర్లు అతికే లోహపు కన్నాలు) చక్కగా కూర్చుంటాయి. అయితే తేమ పీల్చుకుంటుంది. 1960ల నాటి అమెరికన్ గిటార్ యాంప్‌లలో ఇదే రకం బోర్డులు ఏళ్ళు గడిచాక కరెంటు పారించడం రిపేరు చేసేవాళ్ళందరికీ తెలిసిందే. ఇక్కడ సముద్రపు గాలి, ముసురు, ఏసీ లేని గది ఆ పనిని తొందరగా చేశాయి. దానికి తోడు మూడో స్టేజి గ్రిడ్ ఐలెట్ ఒక పక్క 270 వోల్టుల ఐలెట్‌కీ ఇంకో పక్క రెండో స్టేజి ప్లేట్ ఐలెట్‌కీ మధ్య ఉంది. చుట్టూ తుడవని ఫ్లక్స్ (సోల్డరింగ్‌లో మిగిలే జిగురు).

1 మెగాఓమ్ మీద 0.9 వోల్టు అంటే 0.9 మైక్రోయాంపు. 270 వోల్టుల నుంచి అంత రావాలంటే దారిలో 300 మెగాఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటే చాలు. మల్టీమీటరు దాన్ని ఓపెన్ అంటుంది. వైర్లన్నీ విప్పి, వాల్వులు తీసి, 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెడితే దాదాపు అంతే చూపించింది. ఆరబెట్టాక రేంజి దాటిపోయింది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి ఊరుకోవచ్చు. అది తాత్కాలికం, తేమ పీల్చే గుణం షీటుదే. తడి ఉండగానే పైన వార్నిష్ కొడితే తేమ లోపలే ఉండిపోతుంది, అది ఇంకా చెడ్డ పని. బోర్డు మొత్తం మార్చడం సరైన మార్గమే గానీ, మిగతా రెండు ఫిర్యాదులు తేలకముందే అంతా విప్పితే ఏది దేనివల్ల బాగైందో తెలియదు. అందుకని గ్రిడ్ కనెక్షన్ మాత్రం బోర్డు మీంచి తీసేశాం: కెపాసిటర్ కాలు గాల్లో, గ్రిడ్ లీక్ రెసిస్టర్ సాకెట్ పిన్ను దగ్గరే, దాని రెండో కొస పక్కనే వేసిన గ్రౌండ్ ట్యాగుకి. గ్రిడ్ 0.02 వోల్టుకి వచ్చింది, ప్లేట్ 180 కి ఎక్కింది.

భుర్రు పూర్తిగా పోలేదు

వాతావరణంతో మారడం ఆగింది. గెయిన్ సగం దాటితే మాత్రం పగలడం అలాగే ఉంది. ఊహించిందే.

మోటార్‌బోటింగ్ (సప్లై ద్వారా స్టేజిలు ఒకదాన్నొకటి కదిలించి తమంతట తామే ఊగడం) అనుమానం ముందు తీర్చుకున్నాం. అదైతే తీగ కొట్టకపోయినా డుబ్ డుబ్ అంటుంది. ఇక్కడ కొడితేనే వస్తోంది. సప్లై నోడ్ మీద ఇంకో 22 మైక్రోఫారడ్ కలిపినా మారలేదు. సరే, వదిలేశాం.

పామ్ మ్యూట్‌కి 100 మిల్లీవోల్టుల పీక్ అనుకుందాం. మొదటి స్టేజి గెయిన్ 58 దగ్గర, 5.8 వోల్టులు. కంట్రోల్ సగంలో 2.9, రెండో స్టేజి అప్పటికే క్లిప్ అవుతుంది (సిగ్నల్ శిఖరాలు తెగుతాయి). దాని ప్లేట్ నుంచి పదుల వోల్టులు 1.35 మాత్రమే తట్టుకోగల మూడో గ్రిడ్ మీదికి అడ్డూ ఆపూ లేకుండా దూకుతాయి. పాజిటివ్ సగంలో గ్రిడ్ డయోడ్‌గా మారి 0.1 మైక్రోఫారడ్‌ని 38 కిలోఓమ్‌ల ద్వారా గబగబా నింపేస్తుంది, 4 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టెంట్. ఖాళీ కావాల్సింది 1 మెగాఓమ్ ద్వారా, 100 మిల్లీసెకన్లు. అంతసేపూ గ్రిడ్ బాగా నెగెటివ్‌లో ఉండి వాల్వు కటాఫ్‌లో, అంటే కరెంటు పారకుండా, పడుకుంటుంది. స్కోప్‌లో 82 హెర్ట్జ్ సిగ్నల్‌ని అరసెకను పెంచి తగ్గిస్తే మూడో ప్లేట్ మీద పావు సెకను దాకా ఏమీ లేదు, తర్వాత మెల్లగా వచ్చింది. దీన్నే బ్లాకింగ్ అంటారు.

చేయగలిగినవి రెండు: గ్రిడ్‌కి వెళ్ళే కరెంటుని ఆపడం, కెపాసిటర్‌ని చిన్నది చేయడం. రెండూ చేశాం. గ్రిడ్ ముందు 470 కిలోఓమ్ సిరీస్‌లో, గ్రిడ్ నుంచి గ్రౌండ్‌కి ఇంకో 470. సిగ్నల్ సగమవుతుంది, ఇంత గెయిన్‌లో ఆ సగం పోయినా లోటేమీ లేదు. కప్లింగ్ 0.1 తీసి 0.0022 వేశాం, టైమ్ కాన్‌స్టెంట్ 2 మిల్లీసెకన్లకి దిగింది, బాస్ తగ్గడం మొదలయ్యే కటాఫ్ 74 హెర్ట్జ్. పగలడం ఆగింది గానీ లావు తీగలు ఇంకా ముద్దముద్దగానే ఉన్నాయి. 0.001 వేస్తే కటాఫ్ 160 హెర్ట్జ్ పైకి పోయి బిగుతుగా వచ్చింది, కానీ గెయిన్ తగ్గించి క్లీన్‌గా వాయిస్తే పల్చన. 0.0022 దగ్గరే ఆగి, మిగతా కోత కాథోడ్ దగ్గర పెట్టాలని నిర్ణయించాం.

కారణం ఇది. కప్లింగ్ కెపాసిటర్ కటాఫ్ కింద ఆక్టేవ్‌కి 6 డెసిబెల్ చొప్పున తగ్గించుకుంటూనే పోతుంది. కాథోడ్ కెపాసిటర్ అలా కాదు. దాన్ని పూర్తిగా తీసేసినా గెయిన్ 58 నుంచి 31 కి, అంటే 5, 6 డెసిబెల్‌లే తగ్గుతుంది. ఎంత చిన్నది వేసినా బాస్ అంతకు మించి పోదు. మొదటి స్టేజిలో 22 తీసి 2.2 మైక్రోఫారడ్, మూడో స్టేజిలో 0.68. మొదటిదానిలో కూడా 0.68 పెట్టి చూశాం. 300 హెర్ట్జ్ కింద అంతా మెత్తబడి క్లీన్ వాయింపు నీరసించింది, తీసేశాం. పోయిన బరువుని టోన్ స్టాక్‌లోని బాస్ నాబ్ తిరిగి ఇస్తుంది, అది క్లిప్పింగ్ తర్వాత ఉంది కాబట్టి ఇప్పుడు ఎంత పెంచినా పగలదు. స్టాక్‌ని మళ్ళీ పాత ఫెండర్ విలువలకే తెచ్చాం.

ట్రెబుల్

ఫోన్ జనరేటర్ యాప్ నుంచి 100 కిలోఓమ్, 1 కిలోఓమ్ డివైడర్ ద్వారా 5 మిల్లీవోల్టులు ఇచ్చి, రెండో స్టేజి ప్లేట్ దగ్గర చూశాం. గ్రిడ్ మీద ప్రోబ్ పెట్టకూడదు; ×1 ప్రోబ్ కెపాసిటెన్స్ 100 పికోఫారడ్ దాకా ఉంటుంది, కొలత కోసం పెట్టినదే ట్రెబుల్‌ని మింగేస్తుంది. కంట్రోల్ సగంలో 3 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్ పడిపోతోంది.

లెక్కా అదే చెబుతుంది. కంట్రోల్ సగంలో సోర్స్ ఇంపిడెన్స్ 260 కిలోఓమ్. 12ఏఎక్స్7 గ్రిడ్‌కీ ప్లేట్‌కీ మధ్య ఉన్న 1.6 పికోఫారడ్, సాకెట్‌దీ వైరింగ్‌దీ కలుపుకుని, గెయిన్‌తో గుణించబడి 140 దాకా కనిపిస్తుంది. దాని మీద, ముందు ప్యానెల్ నుంచి వెనక సాకెట్ దాకా వేసిన 40 సెంటీమీటర్ల చవక మైక్ కేబుల్. విప్పి కొలిస్తే 70 పికోఫారడ్. మొత్తం 210, ట్రెబుల్ కటాఫ్ 2.9 కిలోహెర్ట్జ్. కేబుల్ తీసేస్తే 4.4. గిటార్ స్పీకరే 5 కిలోహెర్ట్జ్ తర్వాత దిగిపోతుంది కాబట్టి అక్కడికి చేరితే చాలు.

కేబుల్ తీసి, పొట్టి మామూలు వైరుని ఛాసిస్‌కి ఆనించి, హీటర్ జత నుంచి దూరంగా తిప్పాం. కంట్రోల్ మీద 470 బదులు 100 పికోఫారడ్. మూడో గ్రిడ్ ముందు వేసిన 470 కిలోఓమ్ కూడా ఇలాగే ట్రెబుల్ తినేస్తుంది, కనుక దానికి సమాంతరంగా 470 పికోఫారడ్ పెట్టి చూశాం. 720 హెర్ట్జ్ నుంచే ఎత్తడంతో డిస్టార్షన్ ఇసుక రాలినంత కరుగ్గా మారింది. 100 పెడితే గ్రిడ్ కెపాసిటెన్స్‌కి సరిగ్గా బదులు తీరింది. షీల్డ్ లేని వైరు వల్ల 50 హెర్ట్జ్ హమ్ కొద్దిగా పెరిగింది. హీటర్ వైర్లని బిగించి మెలిపెట్టి, రెండు 100 ఓమ్‌లతో కృత్రిమ సెంటర్ ట్యాప్ ఇచ్చాక మునుపటి కంటే తగ్గింది.

ఇంకోటి. లాగ్ (మొదట్లో మెల్లగా, చివర్లో వేగంగా పెరిగే రకం) అని కొన్న గెయిన్ కంట్రోల్ సగంలో 500 కిలోఓమ్ చూపించింది, అది లీనియర్ (సమంగా పెరిగే రకం). అసలు లాగ్ అయితే 100, 150 మధ్య ఉండాలి. ఏ, బి గుర్తుల్ని నమ్మి కొనొద్దు, తయారీ దేశాన్ని బట్టి వాటి అర్థం తారుమారు అవుతుంది. కొట్లోనే మీటరు పెట్టి చూసుకోవాలి. మార్చడం వల్ల టోన్ మారుతుందని మాత్రం ఆశ పెట్టుకోకూడదు. ఒకే లెవెల్ దగ్గర రెండు రకాల ఇంపిడెన్సూ ఒకటే. నాబ్ మొదటి పావులోనే గెయిన్ అంతా ముగిసిపోకుండా తిప్పడానికి వీలవుతుంది, అంతే.

ఇంకా మిగిలిన పని

ముసురు రోజున మళ్ళీ కొలిస్తే మూడో గ్రిడ్ 0.02 దగ్గరే నిలిచింది. కానీ టోన్ స్టాక్ ఐలెట్లు ఇంకా ఆ ఫైబర్ మీదే ఉన్నాయి. తడి రోజుల్లో ప్లేట్ ఐలెట్ నుంచి లీకై మాస్టర్ కంట్రోల్ మీదికి కొంచెం డీసీ వస్తోంది, తిప్పితే గరగరమంటోంది. కాంటాక్ట్ క్లీనర్ కొడితే పోయే గరగర కాదది. దానికోసం 3 మిల్లీమీటర్ల గ్లాస్ ఎపాక్సీ షీటు మీద కొత్త బోర్డు గీసి ఇచ్చాం. సప్లై, ప్లేట్ ఐలెట్లన్నీ ఒక అంచున, గ్రిడ్‌కి చెందినవన్నీ ఎదుటి అంచున, రెంటి మధ్య కాథోడ్, గ్రౌండ్ ఐలెట్ల వరుస. ఏదైనా లీకైతే ముందు గ్రౌండ్‌కి పోవాలి. గ్రిడ్ రెసిస్టర్లు బోర్డు మీద కాదు, సాకెట్ పిన్నుల మీదే. అతికాక ఫ్లక్స్‌ని ఆల్కహాల్‌తో తుడిచి, వెచ్చగా ఆరబెట్టి, వాల్వులు పెట్టకముందే ప్రతి గ్రిడ్ పిన్ను నుంచి 270 వోల్టుల లైనుకి మెగ్గర్ పెట్టి చూడాలి. ఆ కొలతకి ముందు గ్రిడ్ లీక్‌లు, ఫిల్టర్ కెపాసిటర్లు విప్పి ఉంచాలి.